ఏడాదికి ఒక మైలు

1,813 గజాలు. మీటర్లలోకి మారిస్తే దాదాపు 1,658. అంటే ఒక మైలు, దాని మీద ఇంకో యాభై గజాల పైచిలుకు. మన మెయిన్ గేటు దగ్గర బయల్దేరితే హైవే మీద టీ కొట్టు దాటి పెట్రోల్ బంకు దాకా వస్తుంది. మ్యాప్‌లో కొలిచే చెబుతున్నాను.

జాన్ కార్నిష్ అనే ఆయన 2013 సీజన్ మొత్తంలో బంతి పట్టుకుని ముందుకు పోయిన దూరం ఇది. ఈ మాత్రానికే ఆయన్ని ఆ ఏడాది కెనడియన్ ఫుట్‌బాల్ లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడన్నారు. అక్కడితో ఆగలేదు. హాకీ అంటే ప్రాణం పెట్టే ఆ దేశంలో, అన్ని ఆటలూ కలిపి ఆ ఏటి మేటి క్రీడాకారుడికి అప్పట్లో ఇచ్చే లూ మార్ష్ ట్రోఫీ కూడా ఆయనకే ఇచ్చారు. 1969లో రస్ జాక్సన్ తర్వాత ఆ లీగ్ ఆటగాడికి అది దక్కడం మళ్లీ అప్పుడే.

పెట్రోల్ బంకు దాకా వెళ్లినందుకు ఇంత హడావుడా అని మీకు అనిపిస్తే తప్పు లేదు, నాకూ అనిపించింది. కాబట్టి ముందు ఆట సంగతి చెప్పాలి.

ఇది మనం ఆడే ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారం బంతి, తలకి హెల్మెట్, భుజాల మీద ప్యాడ్లు. అమెరికన్ ఫుట్‌బాల్‌కి దాయాది అనుకోండి. దాయాదుల్లాగే పైకి ఒకే పోలిక, లోపల లెక్కలు వేరు. మైదానం 110 గజాల పొడవు, 65 గజాల వెడల్పు, అమెరికా వాళ్లదానికంటే పెద్దది. జట్టుకి 12 మంది. పది గజాలు ముందుకు పోవడానికి అమెరికాలో నాలుగు అవకాశాలిస్తే ఇక్కడ మూడే ఇస్తారు. ఆ మూడోది కూడా చాలాసార్లు బంతిని దూరంగా తన్నేయడానికే సరిపోతుంది, కాబట్టి చేతిలో ఉన్నవి రెండే అనుకోవాలి. అందుకని అక్కడ బంతిని గాల్లో విసరడానికే ఎక్కువ మొగ్గు. బంతిని పొట్టకి అదుముకుని గుంపులోకి దూరే పని ఒకడికి అప్పగిస్తారు. వాడే రన్నింగ్ బ్యాక్.

మన భాషలో చెప్పాలంటే కూతకెళ్లినవాడు. కాకపోతే మన రైడర్‌కి తిరిగొచ్చి ముట్టుకోవడానికి ఒక గీత ఉంటుంది. వీడికి తిరిగి రావడం అనేదే లేదు. ఎవరో ఒకరు కింద పడేసేదాకా ముందుకే పోవాలి, పడితేనే ఆ వంతు అయినట్టు. లేచి మళ్లీ పోవాలి. కార్నిష్ 2013లో అలా 258 సార్లు వెళ్లాడు. సగటున ఒక్కోసారికి ఏడు గజాలు, అంటే 6.4 మీటర్లు. కబడ్డీ ఆడేవాళ్లకి ఈ అంకె చూడగానే ఏదో గుర్తు రావాలి. మగవాళ్ల కోర్టులో నడిమి గీత నుంచి వెనక గీత దాకా ఆరున్నర మీటర్లు! అంటే ఈ మనిషి దాదాపు ప్రతి కూతకీ వెనక గీత తొక్కినంత పని చేశాడు. సగటు ఐదు గజాలు దాటితేనే మంచి రన్నింగ్ బ్యాక్ అంటారని తెలిశాక, నా మైలు లెక్క మీద నాకే నవ్వొచ్చింది.

ఈయన పేరు నా చెవిన ఎలా పడిందంటే, మా పెద్దమ్మ కూతురు కాల్గరీ యూనివర్సిటీలో మాస్టర్స్ చేసింది. పట్టా ఇచ్చే కార్యక్రమం లైవ్ వచ్చింది. వాళ్లకి పొద్దున, మనకి రాత్రి. పెద్దమ్మావాళ్లతో కలిపి పదకొండు మందిమి టీవీ ముందు చేరాం. అక్క ముందే గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టింది, "గౌనులో ఉన్నాయన మా చాన్సలర్, పాత ఫుట్‌బాల్ ప్లేయర్, ఇక్కడ చాలా ఫేమస్" అని. మా నాన్న అది రెండుసార్లు విన్నారు. "మనకి చాన్సలర్ అంటే గవర్నర్ గారు కదరా. ఆటగాణ్ణి కూర్చోబెట్టారేంటి?" అన్నారు. అందులో ఎగతాళి లేదు, నిజంగానే అర్థం కాక అడిగారు. నేను కాలేజీ కబడ్డీ టీమ్‌కి సెలెక్ట్ అయిన రోజు నుంచి మా ఇంట్లో నడుస్తున్న కేసు ఒకటే: ఆటా, చదువా? ఆ కేసులో నాకు అనుకోకుండా ఒక సాక్షి దొరికినట్టయింది. అక్క స్టేజీ ఎక్కడానికి ఇంకా చాలా టైముంది. నేను సీఆర్టీ అసైన్‌మెంట్ పక్కన పడేసి ఆయన గురించి చదవడం మొదలుపెట్టాను.

కార్నిష్ పుట్టింది 1984లో, బ్రిటిష్ కొలంబియాలోని న్యూ వెస్ట్‌మిన్‌స్టర్‌లో. కాలేజీ ఆట అమెరికాలో, కాన్సస్ యూనివర్సిటీ తరఫున. 2006లో ఆ యూనివర్సిటీ చరిత్రలో అప్పటిదాకా ఏ సీజన్‌లోనూ ఎవరూ పరిగెత్తనంత దూరం పరిగెత్తాడు. అదే ఏడు కెనడా లీగ్ డ్రాఫ్ట్‌లో కాల్గరీ స్టాంపీడర్స్ ఆయన్ని ఎంచుకుంది, 2007లో జట్టులో చేరాడు. సినిమా అయితే ఇక్కడ పాట పడి హీరో పైకి వచ్చేస్తాడు. ఇక్కడ అలా జరగలేదు. ఆ చోటులో జోఫ్రీ రెనాల్డ్స్ అప్పటికే పాతుకుపోయి ఉన్నాడు. కార్నిష్‌కి దక్కింది ఎక్కువగా కిక్ పడ్డప్పుడు పరిగెత్తి వెళ్లి అవతలివాణ్ణి పడగొట్టే డ్యూటీ, అడపాదడపా బంతి. 2011 సీజన్ చివరికి గానీ ఆ చోటు ఆయనది కాలేదు. అప్పటికి ఐదో ఏడు. అంటే బీటెక్ మొత్తం చదివి ఇంకో ఏడాది ఖాళీగా కూర్చున్నంత కాలం.

దీని వెనక ఇంకో కారణం కూడా ఉంది. ఆ లీగ్‌లో ప్రతి జట్టూ కొంతమంది కెనడా వాళ్లని మొదటి నుంచీ ఆడించి తీరాలి. రూలుంది కాబట్టి కెనడా కుర్రాళ్లకి ఢోకా లేదు అనుకుంటాం. చోటైతే ఇస్తారు, ఏ చోటు అన్నదే ప్రశ్న. ముందు వరసలో అడ్డుగా నిలబడే భారీకాయులుగా, కిక్ కొట్టేవాళ్లుగా తీసుకునేవాళ్లు. బంతితో పరిగెత్తే చోటు మాత్రం అమెరికా నుంచి వచ్చినవాళ్లకే అని చాలాకాలంగా అలవాటు పడిపోయారు. కెనడావాడు ఆ పని చేయలేడని ఎవరూ రాసిపెట్టలేదు. రాయని రూల్సే గట్టిగా పనిచేస్తాయని మన ల్యాబ్ బ్యాచ్‌లలో రికార్డులు రాసే పని ఎవరికి పడుతుందో చూసినా తెలుస్తుంది.

2012లో ఆయన 1,457 గజాలు పరిగెత్తాడు. దాంతో కెనడా ఆటగాళ్లలో ఒక సీజన్ రికార్డు బద్దలైంది. అది అప్పటికి 56 ఏళ్ల పాత రికార్డు, 1956లో నార్మీ క్వాంగ్ పెట్టిన 1,437 గజాలు. ఆ పేరు దగ్గర నేను ఆగిపోయాను. ఇక్కడి నుంచి కాసేపు కార్నిష్‌ని వదిలేస్తున్నాను, ఓపిక పట్టండి.

క్వాంగ్ పుట్టింది కాల్గరీలోనే, 1929లో. అసలు పేరు లిమ్ క్వాంగ్ యూ. అమ్మానాన్నలు చైనా నుంచి వచ్చి చిల్లర కొట్టు నడుపుకునేవాళ్లు. చైనావాళ్లు కెనడాలో అడుగుపెట్టాలంటే తలకి 500 డాలర్లు పన్ను కట్టాల్సిన కాలం ఒకటి నడిచింది. అదీ చాలదని 1923లో ఏకంగా రావద్దనే చట్టం చేశారు. అది రద్దయింది 1947లో. దాని మరుసటి ఏడు, 19 ఏళ్ల వయసులో, క్వాంగ్ కాల్గరీ జట్టుతో గ్రే కప్ గెలిచాడు. ఆ లీగ్ ఫైనల్ కప్పు పేరు అది. ఆ ఏడాది కాల్గరీ ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. తర్వాత ఎడ్మంటన్‌కి మారి 1954, 55, 56 వరసగా మూడు కప్పులు. పొట్టిగా, గట్టిగా, నేలకి దగ్గరగా పరిగెత్తేవాడట. పత్రికలవాళ్లు పెట్టిన ముద్దుపేరు 'చైనా క్లిప్పర్'. ఆనాటి ఒక విమానం పేరు అది. ముద్దుగా పెట్టినా అందులో చైనా ఉండి తీరాలన్నమాట! పుట్టింది కాల్గరీలో కదా.

అమ్మానాన్నలని తలకింత అని పన్నుకట్టి రమ్మన్న దేశంలో, అదే ఆల్బర్టా రాష్ట్రానికి ఆయన 2005 నుంచి 2010 వరకు లెఫ్టినెంట్ గవర్నర్‌గా ఉన్నాడు. ఈ ముక్క దగ్గరికి రాగానే నేను నాన్నకి గట్టిగా చదివి వినిపించాను. "రికార్డు పెట్టినాయన గవర్నర్, రికార్డు కొట్టినాయన చాన్సలర్" అన్నాను. నాన్న "వాళ్లు మార్కులు కూడా బానే తెచ్చుకుని ఉంటార్లే" అని టీవీ వైపు తిరిగారు. అక్క పేరు ఇంకా పిలవలేదు.

మళ్లీ కార్నిష్ దగ్గరికి. ఆయన కెరీర్‌లో నన్ను ఎక్కువసేపు ఆపింది ట్రోఫీలు కాదు, బ్యాంకు. ఆడే రోజుల్లోనే ఆయన కాల్గరీలో టీడీ బ్యాంకులో ఉద్యోగం చేసేవాడు. దేశం మొత్తానికి మేటి క్రీడాకారుడైన మనిషి, టై కట్టుకుని బ్యాంకులో పని చేసుకుంటున్నాడు. మనకి ఆటగాడంటే ఐపీఎల్ వేలం, కార్లు, కూల్‌డ్రింక్ యాడ్‌లు. కెనడా లీగ్‌లో జీతాలు అమెరికా ఎన్‌ఎఫ్‌ఎల్ దరిదాపుల్లో ఉండవు. చాలామంది ఆటగాళ్లు ఆట లేని నెలల్లో వేరే పని చూసుకుంటారు. అందులోనూ రన్నింగ్ బ్యాక్ బతుకు మరీ చిన్నది. ఎన్నిసార్లు బంతి అందుకుంటే అన్నిసార్లు నేలకి కొట్టించుకోవాలి. ముప్పై దగ్గర పడుతుంటే యాజమాన్యాలు వేరేవాణ్ణి వెతకడం మొదలుపెడతాయి. ఆటా, ఉద్యోగమా అని మా ఇంట్లో అడిగే ప్రశ్నకి ఆయన దగ్గర జవాబేమీ లేదు. పొద్దున అదీ సాయంత్రం ఇదీ చేసుకుంటూ పోయాడు. ఈ పద్ధతి నాకు నచ్చింది. అందరికీ కుదురుతుందని మాత్రం అనను. మన టైమ్‌టేబుల్ చూస్తే అసలే అనలేను.

2014 సీజన్ మొదటి మ్యాచ్, మాంట్రియల్ మీద. పరిగెత్తుకొస్తున్న కార్నిష్‌ని అవతలి ఆటగాడు చేయి అడ్డుపెట్టి మెడా తలా ప్రాంతంలో కొట్టాడు. కన్‌కషన్. వారాల తరబడి మైదానానికి దూరం. తిరిగొచ్చి ఆ ఏడాది ఆడింది తొమ్మిది మ్యాచ్‌లే, అయినా 1,082 గజాలతో లీగ్‌లో అందరికంటే ముందున్నాడు, వరసగా మూడో ఏడు. నవంబరులో వాంకూవర్‌లో హామిల్టన్ మీద 20-16తో గ్రే కప్ కూడా గెలిచారు. చెప్పుకోడానికి ఇది ఎంత బాగుందో చూడండి. దెబ్బ తిన్నాడు, లేచాడు, గెలిచాడు. మన వాట్సాప్ స్టేటస్‌లకి సరిగ్గా సరిపోయే కథ. 2014తోనే అయిపోయి ఉంటే నేనూ స్టేటస్ పెట్టేవాణ్ణే.

2015లో మళ్లీ తలకి దెబ్బ. ఆ డిసెంబరులో, 31 ఏళ్లకి, ఇక ఆడనని చెప్పేశాడు. కాలు విరగలేదు, జట్టు తీసేయలేదు. తల గురించి ఆలోచించి ఆగాడు.

కన్‌కషన్ అంటే ఏమిటో మనలాంటివాళ్లకి తేలిగ్గానే అర్థమవ్వాలి, ఫస్టియర్ మెకానిక్స్ చాలు. వేగంగా పోతున్న తల ఒక్కసారిగా ఆగుతుంది. ఆగింది పుర్రె. లోపల ద్రవంలో ఉన్న మెదడు ఇంకా ముందుకే పోతుంది. హెల్మెట్ పుర్రె పగలకుండా కాపాడుతుంది గానీ లోపలి కదలికని ఆపలేదు. స్కాన్ తీస్తే చాలాసార్లు అంతా నార్మల్ అనే వస్తుంది, రక్తం ఉండదు, కట్టు ఉండదు, కుంటడం ఉండదు. అందుకే పక్కవాడికి నమ్మబుద్ధి కాదు. మొదటిది పూర్తిగా తగ్గకముందే రెండో దెబ్బ తగిలితే అసలు ప్రమాదం అప్పుడు. 2014లోనే ఒక మాజీ ఆటగాడు ఈ విషయం మీద లీగ్‌ని కోర్టుకీడ్చాడు. ఇది ఆటగాళ్ల యూనియన్ ఒప్పందం ప్రకారం మధ్యవర్తి దగ్గర తేల్చుకోవాల్సిన విషయమని కోర్టులన్నాయి, 2018లో సుప్రీంకోర్టు కేసు వినడానికే ఒప్పుకోలేదు. 2017లో మాత్రం లీగ్ ఒక పని చేసింది. సీజన్ నడుస్తుండగా పూర్తి ప్యాడ్లు వేసుకుని గుద్దుకునే ప్రాక్టీసులు మానిపించింది.

తొమ్మిది సీజన్లలో కార్నిష్ మొత్తం లెక్క 6,844 గజాలు. ఆరుంపావు కిలోమీటర్లు. ఆ తర్వాత పెట్టుబడుల సలహాదారుగా పనిలో స్థిరపడ్డాడు, కాల్గరీ బ్లాక్ చాంబర్స్ అని నల్లజాతి ఉద్యోగస్తుల సంఘం మొదలుపెట్టినవాళ్లలో ముందున్నాడు, 2019లో హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి వెళ్లాడు, 2022లో చాన్సలర్ అయ్యాడు. ఆయన ఇంకో మూడేళ్లు ఆడి ఉంటే ఎన్ని గజాలయ్యేవో అని ఆ రాత్రి లెక్క వేద్దామని కాలిక్యులేటర్ తీశాను. ఎందుకో వేయలేదు.

ఇది నేను తీరిగ్గా చదివి పక్కన పెట్టే కథ కాకపోవడానికి కారణం ఉంది.

పోయినేడు ఒక టోర్నమెంట్ సెమీఫైనల్. నేను కూతకెళ్లాను. ఎడమ కార్నర్‌వాడు చీలమండ పట్టుకున్నాడు, ఇద్దరు చైన్ కట్టి పైనుంచి పడ్డారు, నా తల మ్యాట్ అంచు దాటి నేలకి తగిలింది. తర్వాత నాకు గుర్తున్నది బస్సు కిటికీ. మధ్యలో ఏమైందో మావాళ్ల ఫోన్లలో వీడియో ఉంది. అందులో నా మొహం మీద నీళ్లు కొట్టారు, ఎవరో "ఏం కాలేదు లేవరా" అన్నారు, నేను లేచాను. లేచి ఇంకో రెండు కూతలకి వెళ్లాను. రెండు పాయింట్లు తెచ్చాను. మ్యాచ్ గెలిచాం. ఆ వీడియో ఇప్పటికీ హాస్టల్లో తిరుగుతుంటుంది, కింద "మా అన్న ఉక్కు" అని రాసి. నన్ను చూసి గర్వపడేవాళ్లని కాదనలేను. కానీ ఆ రెండు పాయింట్లు తెచ్చినవాడు ఎవరో నాకు తెలియదు. వీడియోలో వాడి జెర్సీ నాది, వాడి కళ్లు వేరే ఎక్కడో ఉన్నాయి. నేను దాన్ని మూడుసార్లకంటే ఎక్కువ చూడలేకపోయాను. ఇంట్లో ఇప్పటికీ తెలియదు. ఈ మ్యాగజైన్ నాన్న చదవరని ధైర్యం.

ఈ ఏడు నేను కెప్టెన్ని. పోయిన నెల ప్రాక్టీసులో మా సెకండియర్ కుర్రాడొకడికి అలాంటి దెబ్బే తగిలింది. పేరు రాయను, వాడు ఇది కచ్చితంగా చదువుతాడు. మా టీమ్‌లో అందరికంటే మంచి రైడర్, నాకంటే కూడా. లేచి "నేను ఓకే అన్నా" అన్నాడు. ఓకేగానే కనిపించాడు. రాత్రి మెస్‌లో నా పక్కన కూర్చుని "రేపు ల్యాబ్ ఉందా అన్నా?" అని అడిగాడు. ఉందన్నాను. పప్పు వేసుకున్నాడు. రెండు ముద్దలు తిన్నాక మళ్లీ అడిగాడు, "రేపు ల్యాబ్ ఉందా అన్నా?"

మర్నాడు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. తలనొప్పి, మత్తు పూర్తిగా పోయేదాకా విశ్రాంతి, ఆ తర్వాత కూడా మెల్లగా, ముందే ఆడితే మంచిది కాదు అన్నారు. క్వాలిఫయర్ సరిగ్గా పది రోజుల్లో ఉంది. టీమ్‌లో రెండు వర్గాలయ్యాయి. స్కాన్ క్లీన్‌గా ఉంది కదా అని కొందరు. నువ్వు పోయినేడు ఆడలేదా అని ఒకడు నా వీడియో నాకే చూపించాడు. వాడికి చెప్పడానికి నా దగ్గర పెద్ద లాజిక్ లేదు. కెనడాలో ఒకాయన అని మొదలుపెడితే మధ్యలోనే నవ్వారు. చివరికి వాణ్ణి దింపేది లేదని లిస్టులో పేరు కొట్టేశాను. పీడీ సార్ కాసేపు నా వైపు చూసి సంతకం పెట్టారు.

మూడు పాయింట్లతో ఓడిపోయాం. వాడు ఉండుంటే గెలిచేవాళ్లమా? గెలిచేవాళ్లమనే నేనూ అనుకుంటున్నాను. వాడు బెంచీ మీద కూర్చుని మ్యాచ్ అంతా చూశాడు, అయ్యాక నాతో మాట్లాడకుండా బస్సెక్కాడు. తొమ్మిది రోజులు మాట్లాడలేదు. మెస్‌లో వేరే టేబుల్.

నిన్న సాయంత్రం గ్రౌండ్‌కి వచ్చాడు. జేబులోంచి డాక్టర్ చీటీ తీసి నా చేతిలో పెట్టాడు. ఇంకో వారం పరుగులు మాత్రమే, పట్లు వద్దు అని ఉంది. నేను చదివి, వెనక్కి తిప్పి కూడా చూశాను.

"వెనక ఏం లేదులే అన్నా" అన్నాడు. షూ లేసులు కట్టుకుని ట్రాక్ మీదకి వెళ్లాడు.